ఉద్యోగం మానేశాక కూడా నా పేరున కొంత డబ్బు ఉండాలనుకోవడం తప్పా?

సాయంకాలం

అందరికీ నమస్కారం. పెళ్లికి ముందు నుంచీ ఉద్యోగం చేసినదాన్ని. పాప పుట్టాక ఇద్దరం కూర్చుని మాట్లాడుకుని, కొన్నాళ్లు నేను మానేస్తే బాగుంటుందనుకున్నాం. నా మీద ఎవరూ రుద్దిన నిర్ణయం కాదు. మా ఆయన మంచివాడు. ఇంట్లో దేనికీ లోటు చెయ్యడు. కానీ నాకు ఏది కావాలన్నా ఆయన్ని అడగాలి. అడిగితే ఇస్తాడు. "ఎప్పుడైనా కాదన్నానా?" అంటాడు. నిజమే, ఎప్పుడూ అనలేదు. అయినా అడగాలంటే నోరు పెగలదు. ఇది ఇప్పుడే అవసరమా, వచ్చే నెల అడిగితే సరిపోదా అని లోపల లెక్క వేసుకుంటూ ఉంటాను. అమ్మకు ఒంట్లో బాగోలేదంటే టెస్టులకు డబ్బు పంపాలనిపిస్తుంది. ఉద్యోగం ఉన్నప్పుడు ఆలోచించకుండా పంపేదాన్ని. ఇప్పుడు ఆ మాట ఎత్తడానికే రోజులు పడుతున్నాయి.

ప్రతి నెలా కొంత నా అకౌంట్లో వెయ్యమని ఈ మధ్య అడిగాను. "నీకూ నాకూ వేరే లెక్కలేమిటి? మనం భార్యాభర్తలమా, వ్యాపారంలో పార్ట్‌నర్లమా?" అన్నాడు. కోపంతో కాదు, బాధపడి అన్నాడు. అప్పటి నుంచి మనసు తొలిచేస్తోంది. సంపాదించని మనిషి తన పేరున డబ్బు కావాలనడం అత్యాశా? మీ ఇళ్లల్లో ఎలా నడుస్తోందో చెప్పండి.

నిలకడ

అమ్మా, మగవాడి వైపు నుంచి ఒక మాట చెబుతాను. మా ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. జీతం పడగానే ఇంటి లోను, పిల్లల ఫీజులు, నాన్న మందులు అన్నీ వరసగా పోతాయి. మిగిలింది చూస్తే గుండె దడ మొదలవుతుంది. అకౌంట్ నా పేరున ఉంది కాబట్టి ఆ డబ్బు నాదని అందరూ అనుకుంటారు. అందులో నాకంటూ ఖర్చు పెట్టుకునేది ఏమీ ఉండదు. ఆఫీసులో ఎవరినైనా తీసేశారని వింటే ఆ రాత్రి నిద్ర పట్టదు. ఈ టెన్షన్ గురించి మగవాళ్లం ఇంట్లో చెప్పుకోం. చెబితే వాళ్లు కూడా భయపడతారని.

మీరు అడిగింది తప్పు అనను. నెలనెలా ఇంత అని కడితే మీ ఆయనకు అది ఇంకో బాకీ అనిపించి ఉండవచ్చు. ఆయన బాధలో ఆ భయం ఉందేమో ఒకసారి అడిగి చూడండి.

ఇంటావిడ

నిలకడ గారూ, మీ భయం అర్థమైంది బాబూ. కానీ మిగిలింది చూస్తే గుండె దడ అని ఇక్కడ మాకు చెప్పారు. మీ ఆవిడకు చెప్పారా? జీతం ఎంత, పోయేది ఎంత, మిగిలేది ఎంత అన్నది ఆమెకు తెలుసా? తెలియని మనిషికి మీ దగ్గర బోలెడంత ఉన్నట్టే ఉంటుంది. అప్పుడు ఆమె అడిగితే మీకు బాధ, అడగకపోతే ఆమెకు బాధ.

సాయంకాలం, తల్లీ, నువ్వు అడిగింది తప్పు కాదు. నేను ఇల్లు చూసుకుంటూనే జీవితం గడిపాను. మా ఆయన కూడా ఏనాడూ కాదనలేదు. ఆయన పోయాక ఏ బ్యాంకులో ఏముందో, ఏ పాలసీ ఏ కాగితంలో ఉందో నాకు తెలియదు. ఆ ఏడుపులోనే డెత్ సర్టిఫికెట్ జిరాక్సులు పట్టుకుని కౌంటర్ల చుట్టూ తిరిగాను. వాళ్లు అడిగినవాటికి నా దగ్గర జవాబు ఉండేది కాదు. మా మధ్య ప్రేమకు లోటు లేదు. డబ్బు గురించి మాట్లాడుకోవడమే లేదు. ఎప్పుడూ చూసుకునేది ఆయనే కాబట్టి నాకు అడగాలనిపించలేదు, ఆయనకు చెప్పాలనిపించలేదు. అందుకే చెబుతున్నాను. "కాదన్నానా" అనే మంచి భర్త ఉన్నా సరే, నీ పేరున డబ్బు, నీకు తెలిసిన లెక్క, రెండూ ఉండాలి.

గాలిపటం

నాది దీనికి తలకిందులైన కథ. మా ఇంట్లో నా జీతమే ఎక్కువ. ఆయన ఉద్యోగం చిన్నది, కానీ ఇష్టపడి చేస్తాడు. మా ఇద్దరికీ ఇబ్బంది లేదు. ఇబ్బంది అంతా చుట్టూ ఉన్నవాళ్లకే. "మీ ఆవిడ సంపాదిస్తుందటగా, నీకేంటి" అని నవ్వుతూ అంటారు. ఆయన ఇంటికొచ్చి ముభావంగా ఉంటాడు. కొన్నాళ్లు నా జీతం పెరిగిన సంగతి బంధువుల ముందు ఎత్తేదాన్నే కాదు.

మేం చేసేది చెబుతాను. ఇద్దరి జీతాలూ ఉమ్మడి అకౌంట్లోకి వస్తాయి. అక్కడి నుంచి ఇంటి ఖర్చులు, పొదుపు పోతాయి. తర్వాత ఇద్దరికీ సమానంగా కొంత మొత్తం ఎవరి సొంత అకౌంట్లోకి వాళ్లకు వెళ్తుంది. జీతంతో సంబంధం లేదు, ఇద్దరికీ అదే మొత్తం. దాని గురించి ఒకరినొకరు అడగం. ఆయన వాళ్ల చెల్లెలికి ఇస్తాడో, నేను మా అమ్మకు ఇస్తానో, అది ఎవరిష్టం వాళ్లది. ఆయన తక్కువ సంపాదిస్తున్నాడు కాబట్టి ఆయనకు తక్కువ అని నేనంటే ఎంత చిన్నబుచ్చుకుంటాడో నాకు తెలుసు. మరి భార్య సంపాదించనప్పుడు ఆమెకు సున్నా అంటే అదే కదా సాయంకాలం గారూ, మీరు అనుభవిస్తున్నది.

చదువరి

డబ్బు ఎవరి చేతికి అందుతుంది అన్నది నిజంగా తేడా తెస్తుందా అని ఆర్థికవేత్తలు చాలా పరిశీలించారు. బ్రిటన్‌లో 1970ల చివర్లో పిల్లల కోసం ఇచ్చే ప్రభుత్వ సాయం పద్ధతి మారింది. అంతకుముందు అందులో పెద్ద భాగం తండ్రి జీతంలో పన్ను మినహాయింపుగా కలిసేది. తర్వాత నేరుగా తల్లి చేతికి నగదుగా ఇచ్చారు. లండ్‌బర్గ్, పొలాక్, వేల్స్ అనే పరిశోధకులు 1997లో ఆ కుటుంబాల ఖర్చులు చూస్తే, మగవాళ్ల బట్టలతో పోల్చినప్పుడు ఆడవాళ్ల బట్టల మీద, పిల్లల బట్టల మీద ఖర్చు పెరిగింది. డబ్బు అందుకునే చెయ్యి మారితే ఖర్చు తీరు కూడా మారిందన్నమాట. ఇంట్లో ఉన్నది "మన డబ్బు" అయినప్పుడు ఎవరి పేరున ఉంటే ఏమిటి అనే మాట దీనితో నిలబడదు.

మన దేశంలోది ఇంకా బలమైన ఉదాహరణ. మధ్యప్రదేశ్‌లో ఉపాధి హామీ పనికి వెళ్లిన ఆడవాళ్ల కూలీ అప్పట్లో చాలావరకు ఇంట్లోని మగవాళ్ల ఖాతాలో పడేది. పరిశోధకులు కొన్ని ఊళ్లలో ఆడవాళ్లకు సొంత ఖాతా తెరిపించి, కూలీ అందులోనే పడేలా చేసి, దాన్ని వాడడం నేర్పించారు. అక్కడ ఆడవాళ్లు పనికి వెళ్లడం పెరిగింది. అంతకుముందు బయట పనికి వెళ్లనివాళ్లలో ఈ మార్పు ఎక్కువ. 2021లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో ఇది అచ్చయింది. ఖాతా ఉంటే సరిపోలేదు, డబ్బు అందులో పడాలి, దాన్ని ఎలా వాడాలో తెలియాలి. మూడూ కలిస్తేనే ఫలితం వచ్చింది.

నిలకడ

చదువరి గారూ, పరిశోధనలు కాదనను. ఇంటావిడ గారి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. లేదండీ, మా ఆవిడకు పూర్తి లెక్క తెలియదు. చెప్పకూడదని కాదు, ఆ ఒత్తిడి ఆమెకెందుకని. కానీ ఇంకో విషయం కూడా ఆలోచించండి. ఈ మధ్య ఇంటిపనికి భార్యకు జీతం ఇవ్వాలనే మాట వింటున్నాను. అది నాకు మింగుడు పడదు. జీతం ఇస్తే నేను యజమాని, ఆమె ఉద్యోగి అయిపోతాం కదా? పని సరిగా లేదని కోత పెట్టొచ్చా? సంసారాన్ని అలా చూడడం నాకు ఇష్టం లేదు. సాయంకాలం గారి భర్త అన్న పార్ట్‌నర్ల మాట వెనక ఇదే ఉంది.

చదువరి

మీ అభ్యంతరం న్యాయమైనదే. జీతం అన్న ఆలోచన నాకూ నచ్చదు. కానీ కోర్టులు దీన్ని చూసిన తీరు వేరు. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన దంపతుల పరిహారం కేసులో 2021 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. గృహిణికి కూడా ఆదాయం ఉన్నట్టు లెక్కకట్టాలని అందులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా వివరంగా రాశారు. 2019 నాటి జాతీయ కాల వినియోగ సర్వేను ఆయన ప్రస్తావించారు. జీతం లేని ఇంటిపనిలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు గడిపితే మగవాళ్లు 97 నిమిషాలు. అదీ ఆ పని చేసే మగవాళ్ల సగటు. ఆ సర్వేలో ఇంటిపని చేస్తామన్న ఆడవాళ్లు 81 శాతం, మగవాళ్లు 26 శాతం.

2023లో మద్రాస్ హైకోర్టు తీర్పు మన చర్చకు ఇంకా దగ్గర. భర్త చాలా ఏళ్లు గల్ఫ్‌లో పనిచేసి డబ్బు పంపాడు, భార్య ఇక్కడ ఇల్లూ పిల్లలనూ చూసుకుంది. ఆస్తి కొన్నది తన సంపాదనతో అని భర్త వాదన. ఆమె ఇల్లు చూసుకోవడం వల్లే అతను నిశ్చింతగా సంపాదించగలిగాడని, ఆస్తిలో ఆమెకూ సమాన వాటా ఉందని కోర్టు చెప్పింది. ఇందులో జీతం మాట లేదు. ఇద్దరూ కలిసి సంపాదించారు అన్నదే ఉంది. మీరు కోరుకునే సంసారం ఇదే కదా నిలకడ గారూ?

చైనాలో 2021 నుంచి అమల్లోకి వచ్చిన సివిల్ కోడ్ ప్రకారం, ఇంటిపని భారం ఎక్కువగా మోసినవాళ్లు విడాకుల సమయంలో పరిహారం అడగొచ్చు. బీజింగ్ కోర్టు ఒకటి 5 ఏళ్ల కాపురానికి 50,000 యువాన్లు ఇప్పిస్తే, మరీ ఇంత తక్కువా అని అక్కడ పెద్ద గొడవైంది. విడిపోయేటప్పుడు లెక్క కడితే ఎప్పుడూ తక్కువే అనిపిస్తుంది. కలిసి ఉన్నప్పుడే చూసుకోవాలి.

వెలితి

నేను ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్న మగవాణ్ణి. ఇప్పుడు మా ఆవిడ జీతం మీద ఇల్లు నడుస్తోంది. సాయంకాలం గారూ, మీరు రాసిన ఒక్కో వాక్యం చదువుతుంటే నా గురించి రాసినట్టే ఉంది. అడిగే ముందు లోపల వేసుకునే ఆ లెక్క నేనూ వేస్తున్నాను. బయటికి వెళ్లాలంటే, స్నేహితుడు రమ్మంటే, చెప్పులు తెగితే. మా ఆవిడ ఒక్కమాట అనదు. అయినా అడగలేను.

పిల్లవాణ్ణి స్కూల్లో దింపుతాను, ఇల్లు సర్దుతాను, మధ్యాహ్నం కూర్చుని అప్లికేషన్లు పెడతాను. ఫోన్ చేసిన ప్రతివాడూ "ఏం చేస్తున్నావ్?" అంటాడు. ఇంటి పని చేస్తున్నానంటే అవతల నిశ్శబ్దం. అదే మా ఆవిడ ఉద్యోగం మానేసి ఇంట్లో ఉంటే ఎవరూ అలా ఆగరు. అలాగని ఆమెను ఎవరూ మెచ్చుకోరు కూడా. ఆడవాళ్లు చేస్తే అది లెక్కలోకే రాదు, మగవాడు చేస్తే పరువు పోయినట్టు. ఇద్దరికీ అన్యాయమే.

మొన్న ఒకరోజు మా ఆవిడ నా అకౌంట్లో చెప్పకుండా డబ్బు వేసింది. ఏం రాయలేదు, మెసేజ్ పెట్టలేదు. నేను అడగకుండానే వచ్చింది. ఆ రోజు నేను మళ్లీ మనిషినయ్యాను. మీ ఆయనకు ఈ మాట చెప్పండి మేడమ్. నెలనెలా వేస్తే బాకీ అనిపిస్తుందని నిలకడ గారు అన్నారు. తీసుకునే వైపు ఉన్నవాడిగా చెబుతున్నాను, నెలనెలా దానంతటదే వస్తేనే అడగాల్సిన బాధ తప్పుతుంది. ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు వేస్తే మళ్లీ ఎదురుచూపే.

సాయంకాలం

వెలితి గారూ, మీరు రాసింది ఆయనకు చూపించాను. చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నువ్వు అడగడానికి ఇంత ఇబ్బంది పడుతున్నావని నాకు తెలియదు" అన్నాడు. ఇప్పటికి అంతే. మీకు త్వరగా ఉద్యోగం రావాలని మనసారా కోరుకుంటున్నాను.

ఒక విషయం మాత్రం ఇంకా తేలలేదు. చేతి ఖర్చుకు ఇవ్వడానికి ఆయన ఒప్పుకునేలా ఉన్నాడు. పొదుపు సంగతి ఎత్తితే "పొదుపు మన ఇద్దరికోసమే కదా, ఎవరి పేరున ఉంటే ఏంటి" అంటున్నాడు. నాకు దీనికి సరైన జవాబు తట్టడం లేదు.

పద్దుపుస్తకం

బ్యాంకులో పనిచేస్తాను కాబట్టి ఈ ప్రశ్న రోజూ నా టేబుల్ ముందుకు వస్తుంది. మీ ఆయనకు చెప్పాల్సిన జవాబు పీఎఫ్‌లో ఉంది మేడమ్. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు సాధారణంగా మూల వేతనం, డీఏ మీద 12 శాతం జీతంలో కోసి పీఎఫ్‌లో వేస్తారు. కంపెనీ కూడా 12 శాతం కడుతుంది. మీరు మానేసిన రోజు నుంచి మీ పీఎఫ్‌లోకి కొత్త జమలు రావడం లేదు. ఆయనది ప్రతి నెలా పెరుగుతోంది. మానెయ్యాలన్న నిర్ణయం ఇద్దరిదీ. దాని నష్టం మాత్రం మీ ఒక్కరి పాస్‌బుక్‌లో కనిపిస్తోంది. ముసలితనానికి ఉండాల్సిన డబ్బు ఒకరికి పెరిగి, ఒకరికి ఆగిపోయింది.

దారి ఉంది. మీ పేరున పీపీఎఫ్ (ఉద్యోగం లేకపోయినా తెరవగల ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు) ఖాతా తెరిచి అందులో ఆయన్ని వెయ్యమనండి. ఏడాదికి లక్షా యాభై వేల దాకా వెయ్యొచ్చు. భర్త భార్యకు ఇచ్చే డబ్బు మీద బహుమతి పన్ను ఉండదు. అయితే ఆ డబ్బు ఎఫ్‌డీలో వేస్తే వచ్చే వడ్డీని భర్త ఆదాయంలో కలిపి పన్ను లెక్కకడతారు. చాలామంది ఇది తెలియక నోటీసు వచ్చాక మా దగ్గరికి వస్తారు. పీపీఎఫ్ వడ్డీకి పన్నే లేదు కాబట్టి ఆ తలనొప్పి ఉండదు. 15 ఏళ్ల గడువు ఉంటుంది, అవసరానికి చప్పున చేతికి రాదు. అందుకని కొంత భాగం మీ సేవింగ్స్ ఖాతాలో కూడా ఉంచుకోండి.

ఇంకో మాట. నామినీ అంటే యజమాని అనుకుంటారు. కాదు. సాధారణంగా నామినీ వారసుల తరఫున ఆ డబ్బు అందుకునే మనిషి మాత్రమే. బీమా విషయంలో సుప్రీంకోర్టు 1983లోనే ఈ మాట స్పష్టంగా చెప్పింది. జీవిత బీమాలో మాత్రం 2015లో చట్టం మారింది, అక్కడ భార్యో భర్తో నామినీ అయితే లెక్క వేరు. "అన్నిటికీ నిన్నే నామినీగా పెట్టాను" అన్నంత మాత్రాన ఆ డబ్బంతా మీ ఒక్కరిదే అయిపోదు. పీఎఫ్‌లో అయితే పెళ్లికి ముందు ఇచ్చిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది, కొత్తది ఇవ్వాలి. ఎంతమంది ఇచ్చారో మీ ఇళ్లల్లో చూసుకోండి. అక్కడ ఇంకా అమ్మ పేరో నాన్న పేరో ఉంటే ఈ వారమే మార్చండి.

నిలకడ గారికి ప్రత్యేకంగా ఒకటి. ఒక్కరి సంపాదన మీద ఇల్లు నడుస్తున్నప్పుడు టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా) తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకోవచ్చు. అప్పుడు ఆ డబ్బు భార్యాపిల్లలకే చెందుతుంది. మీ అప్పులవాళ్లు దాన్ని ముట్టుకోలేరు. పాలసీ తీసుకున్నాక ఇది చేర్చడం కుదరదు, మొదట్లోనే అడగాలి. మీ రాత్రి భయంలో కొంత భాగం దీనితో తగ్గుతుంది.

ఇంటావిడ

పద్దుపుస్తకం గారూ, ఇదంతా మా రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటేనా. మా పెద్దమ్మాయికి పంపుతున్నాను.

చదువరి

"నిర్ణయం ఇద్దరిదీ, నష్టం ఒకరిదీ" అన్నదాని మీదే క్లాడియా గోల్డిన్ చాలాకాలం పనిచేశారు. 2023 ఆర్థిక నోబెల్ ఆమెదే. ఒకే చదువు, ఒకే రకం ఉద్యోగం ఉన్న ఆడామగా మధ్య జీతం తేడా ఎక్కువగా మొదటి బిడ్డ పుట్టాక పెరుగుతుందని ఆమె చూపించారు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు అందుబాటులో ఉండే ఉద్యోగాలకు జీతం చాలా ఎక్కువ. ఇద్దరిలో ఒకరు అలాంటి ఉద్యోగంలో ఉండాలంటే ఇంకొకరు ఇంటికి అందుబాటులో ఉండాలి. ఆ ఇంకొకరు దాదాపు ఎప్పుడూ తల్లే. డెన్మార్క్ లాంటి దేశంలో, శిశు సంరక్షణ సదుపాయాలు అంత బాగున్నచోట కూడా, పిల్లలు పుట్టాక ఆడవాళ్ల సంపాదన దీర్ఘకాలంలో సుమారు 20 శాతం వెనకబడిపోతుందని 2019లో వచ్చిన అధ్యయనం చెప్పింది. తండ్రుల సంపాదనలో అలాంటి పతనం లేదు.

అంటే సాయంకాలం గారి భర్త జీతంలో పెరిగిన ప్రతి ఇంక్రిమెంట్‌లోనూ ఆమె ఇంట్లో ఉండడం కలిసి ఉంది. పాపకు జ్వరం వచ్చినా ఆయన మీటింగ్‌కు వెళ్లగలిగాడంటే ఇంట్లో ఆమె ఉంది కాబట్టే.

మొదటిజీతం

నాది వేరే సమస్య, ఇక్కడే అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. నేను సంపాదిస్తున్నాను. కొత్తగా పెళ్లైంది. పెళ్లైన నెలలోనే ఏటీఎం కార్డు, పిన్ మా ఆయన అడిగారు, ఇచ్చేశాను. ఇప్పుడు జీతం పడగానే ఆయన తీసేసి వాళ్ల అమ్మగారికి ఇస్తారు. నాకు బస్సు ఖర్చులకు ఇస్తారు. ఫోన్ బ్యాంకింగ్ కూడా ఆయన ఫోన్లోనే ఉంది. ఇంట్లో అందరూ నాతో బాగానే ఉంటారు, పెద్దవాళ్ల చేతిలో ఉంటే డబ్బు నిలుస్తుందని అంటారు. సాయంకాలం అక్కకు సంపాదన లేక బాధ. నాకు సంపాదన ఉండి కూడా ఆమె పరిస్థితే. నాకు గొడవ ఇష్టం లేదు. ఏం చెయ్యాలి?

నిలకడ

చెల్లెమ్మా, ఇది నేను ఒప్పుకోను. నేను మగవాడి భయం గురించి మాట్లాడాను, ఇది భయం కాదు. ఇంటి ఖర్చులో మీ వాటా ఇవ్వడం వేరు, జీతం మొత్తం మీ చేతిలోంచి పోవడం వేరు. మా చెల్లెలికి ఇలా జరిగితే నేను ఊరుకోను. మీ వాళ్లతో ఈ విషయం మాట్లాడారా?

గాలిపటం

మొదటిజీతం, ముందు ఒకటి చెబుతాను. నీ జీతం చట్టప్రకారం నీది. భర్తకు గానీ అత్తగారికి గానీ దాని మీద హక్కు లేదు. ఫ్రాన్స్‌లో పెళ్లైన ఆడవాళ్లు భర్త అనుమతి లేకుండా బ్యాంకు ఖాతా తెరవడానికి 1965 దాకా ఆగాల్సి వచ్చింది. అమెరికాలో అప్పు, క్రెడిట్ విషయంలో ఆడవాళ్లను, పెళ్లైనవాళ్లను వేరుగా చూడకూడదనే చట్టం 1974లో వచ్చింది. ఆ హక్కు కోసం ఎంతోమంది పోరాడారు. నీకు అది ఇప్పటికే ఉంది, వదులుకోకు.

గొడవ వద్దంటున్నావు కాబట్టి మాట ఇలా మొదలుపెట్టు. "ఇంటి ఖర్చుకు నా వంతు ఎంతో చెప్పండి, ప్రతి నెలా నేనే పంపుతాను." అంటే నువ్వు ఇవ్వనని అనడం లేదు. ఇచ్చేది నువ్వు అని మాత్రమే అంటున్నావు. ఈ చిన్న మాటకే ఇంట్లో పెద్ద గొడవైతే, నీకు తెలియాల్సింది తెలుస్తుంది. అప్పుడు నీ వాళ్లకు తప్పకుండా చెప్పు. ఒంటరిగా మొయ్యకు.

వెలితి

గాలిపటం గారు చెప్పింది బాగుంది. నేనొకటి చేర్చనా? మీ ఆయనతో వాళ్ల అమ్మగారి ముందు కాకుండా విడిగా మాట్లాడండి. అమ్మ ముందు ఆయన కొడుకుగా మాట్లాడతారు. మీ ఇద్దరే ఉన్నప్పుడు భర్తగా వింటారు. నాకు ఉద్యోగం ఉన్న రోజుల్లో నేనూ అమ్మకే జీతం ఇచ్చేవాణ్ణి, కాబట్టి ఆయన మనసులో చెడు ఉందని అనుకోను. కానీ తన జీతం ఇవ్వడం వేరు, మీది ఇవ్వడం వేరు.

మొదటిజీతం

అందరికీ థాంక్స్. విడిగానే మాట్లాడతాను. కానీ మాట్లాడే ముందు నా వైపు నుంచి ఏమైనా సిద్ధం చేసుకోవాలా? ఆయన కాదంటే ఏం చెయ్యాలో తెలియక ఆగుతున్నాను.

పద్దుపుస్తకం

సిద్ధం చేసుకోవాల్సినవి ఉన్నాయమ్మా. ముందుగా, మీ ఖాతాకు లింక్ అయిన మొబైల్ నంబర్ ఎవరిదో చూసుకోండి. ఓటీపీలు ఆయన ఫోన్‌కు వెళ్తుంటే పిన్ మార్చినా లాభం లేదు. ఆధార్, పాన్ తీసుకుని మీ బ్రాంచికి స్వయంగా వెళ్లి నంబర్ మీదిగా మార్పించండి. తర్వాత పాత కార్డు బ్లాక్ చేయించి కొత్తది తీసుకోండి. పిన్ మీరే పెట్టుకోండి. కార్డు, పిన్ ఇంకొకరికి ఇవ్వకూడదని బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. ఇంట్లో అడిగితే ఆ నిబంధననే చెప్పండి, మాట మీ మీదికి రాదు.

వేరే బ్యాంకులో కొత్త ఖాతా తెరిచి, ఆఫీసులో అకౌంట్స్ వాళ్లకు ఆ నంబర్ ఇచ్చి జీతం అటు మార్పించుకునే వీలు కూడా ఉంది. చాలా చోట్ల నెల మధ్యలోపు చెబితే వచ్చే జీతం నుంచే మారుస్తారు. జీతం స్లిప్పులు, ఆరు నెలల స్టేట్‌మెంట్, పాన్, ఆధార్, సర్టిఫికెట్ల కాపీలు మీ సొంత మెయిల్‌లో దాచుకోండి. ఆ మెయిల్ పాస్‌వర్డ్ కూడా ఇప్పుడే మార్చండి. మీ యూఏఎన్‌కు, అంటే ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబర్‌కు, ఏ మొబైల్ నంబర్ ఉందో కూడా చూడండి, అది చాలామంది మర్చిపోతారు.

ఇవన్నీ మాట్లాడకముందే చెయ్యొచ్చు. శనివారం వెళ్లేట్టయితే రెండో, నాలుగో శనివారం కాకుండా చూసుకోండి, ఆ రోజుల్లో బ్యాంకులకు సెలవు. కౌంటర్లో ఎవరైనా "మీ ఆయన్ని తీసుకురండి" అంటే అవసరం లేదని చెప్పి మేనేజర్‌ను కలవండి. ఖాతా మీ ఒక్కరి పేరున ఉంది, మీ సంతకం ఒక్కటే చాలు.